చీర రాలేదు

రాజమండ్రి,
11 జులై 2004

బాబాయికి,

నమస్కారం. ఫోన్ చేస్తే పిన్ని తీసి ఊళ్ళో సంగతులన్నీ చెబుతుంది. మీరు పక్కనుంచి "బాగున్నామని చెప్పు" అంటారు. అక్కడితో మీ వంతు అయిపోతుంది. అందుకే కాగితం పట్టాను. "మా తమ్ముడి చేత నాలుగు ముక్కలు చెప్పించాలంటే ఉత్తరం రాయడమొక్కటే దారి" అని నాన్నగారు ఉన్నప్పుడు అనేవారు.

ఇక్కడ నా నెత్తిన కొత్త పని పడింది. మా ఫిల్మ్ క్లబ్బు సెప్టెంబరు పన్నెండు ఆదివారం నాడు, మా కాలేజీ సెమినార్ హాల్లో పొట్టి సినిమాల ప్రదర్శన పెడుతోంది. రెండు గోదావరి జిల్లాల కుర్రాళ్ళు సొంతంగా తీసినవే వేస్తాం. ఒక్కొక్కటి పది, పదిహేను నిమిషాలకి మించదు. వచ్చినవన్నీ ముందుగా చూసి ఏవి వేయాలో తేల్చే బాధ్యత నాకు అప్పగించారు. తెలుగు లెక్చరరుని కాబట్టి కథ గురించి నాకు తెలుసునని వాళ్ళ నమ్మకం. నేనూ కాదనలేదు.

మీకు నవ్వు తెప్పించే సంగతి ఒకటి చెబుతాను. ఈ కుర్రాళ్ళలో సగం మందికి కెమెరా అద్దెకిస్తున్నది మన రావులపాలెం వీడియో చిట్టియ్యే. సూర్యకళ పెళ్ళి తీసిన చిట్టియ్య. ముహూర్తాలున్న రోజుల్లో కెమెరా ముట్టుకోనివ్వడట. ఆషాఢం రాగానే పెళ్ళిళ్ళు ఆగిపోతాయి కదా, అప్పుడు పిల్లలకి ఇస్తాడు. ఈ ఏడు ఆషాఢం వెనకే అధిక శ్రావణం కూడా కలిసొచ్చింది. కాబట్టి రెండు నెలలపాటు గోదావరి గట్టున ఎక్కడ చూసినా సినిమాలే.

ఆ రోజు మీరు రావాలి. ఊరికే అనడం లేదు. హాల్లో అందరూ సినిమా పుస్తకాలు చదివిన వాళ్ళే ఉంటే పిల్లలకి ఏం తెలుస్తుంది? నచ్చకపోతే నచ్చలేదని మొహం మీద చెప్పే మనిషి ఒకరైనా ముందు వరసలో ఉండాలి. ఆ పనికి మీకంటే తగినవారు నాకు తెలియదు.

పిన్నికి నమస్కారాలు.

మీ
సత్యశ్రీ

•

ఆత్రేయపురం,
20 జులై 2004

చిరంజీవి సత్యశ్రీకి,

ఆశీస్సులు. నువ్వు రాసింది చదివాను. మీ రామతులసి పిన్ని కూడా చదివి, వెళ్దామని అప్పుడే పెట్టె సర్దే ధోరణిలో ఉంది. నేను రాను.

సినిమా అంటే నాకు కోపం లేదు. వీడియో అంటే ఉంది. చిట్టియ్య పేరు ఎత్తావు కాబట్టి ఆ సంగతి చెబుతాను. మీ అత్తకీ నాకూ మాటలు లేవని నీకు తెలుసు. ఎందుకు లేవో ఎవరూ నీకు సరిగా చెప్పి ఉండరు, ఎందుకంటే చెప్పుకుంటే సిగ్గు.

మా అమ్మాయి సూర్యకళ పెళ్ళికి మీ అత్త పాపాయి వారం ముందే వచ్చింది. అరిసెల పాకం దగ్గరనుంచి అంపకాల పెట్టె దాకా అన్నీ తన చేతి మీదే నడిచాయి. ఆ సంగతి నేను కాదనను. పెళ్ళయ్యాక చిట్టియ్య క్యాసెట్టు తెచ్చిన రోజు అందరినీ పిలిచాం. పాపాయి పట్టిసీమ నుంచి మొగుణ్ణీ కొడుకునీ వెంటబెట్టుకుని వచ్చింది. హాల్లో చాపలేసుకుని కూర్చున్నాం. మూడు గంటల క్యాసెట్టు. అందులో పాపాయి ఒక్కచోట కూడా లేదు. మేళం వాళ్ళు ఉన్నారు, ఐస్‌క్రీమ్ బండి ఉంది, మన గేదె కూడా ఉంది. ఆడపడుచు లేదు. అది వంటశాలలో ఉంది, చిట్టియ్య అక్కడికి వెళ్ళలేదు. అంతకంటే ఏమీ లేదు.

క్యాసెట్టు అయ్యాక పాపాయి లేచి, "ఈ ఇంట్లో నేను లేనన్నమాట" అంది. నేను ఓదార్చి ఉంటే సరిపోయేది. "వీడియోలో పడటానికి వచ్చావా పెళ్ళికి?" అన్నాను. పదిమందీ ఉన్నారు. అది "ఇక నా గుమ్మం తొక్కకు" అంది. నేను "నువ్వు చచ్చినా తొక్కను" అన్నాను. అక్కడితో ఆగలేదు. ఆడబిడ్డ పోతే పుట్టింటి చీర కప్పందే పాడె లేవదు కదా, ఆ చీర కూడా తేనన్నాను. అన్న మాట అన్నట్టే ఉండిపోయింది. ఇప్పటికి ఎనిమిదేళ్ళు.

కాబట్టి మీ అత్త వచ్చే అవకాశం ఉన్న చోటికి నన్ను పిలవకు. రాజమండ్రి ఆవిడకీ దగ్గరే.

కాలవలకి నీళ్ళొదిలారు. ఊడ్పులు మొదలయ్యాయి.

బాబాయి

తా.క. పట్టిసీమ దగ్గర రేవు మెట్లు మునిగాయని పేపర్లో పడింది. వాళ్ళ వీధి పల్లంలో ఉంటుంది. నీకేమైనా తెలిస్తే రాయి. పిన్ని అడగమంది.

•

రాజమండ్రి,
8 ఆగస్టు 2004

బాబాయికి,

నమస్కారం. అత్తావాళ్ళ వీధిలోకి నీళ్ళు రాలేదు. ఈ సంగతి పిన్నికి చెప్పండి, అడిగింది పిన్నే కదా.

క్యాసెట్టు కథ నాకు నిజంగా తెలియదు. ఎవరు చెప్పినా పొలం గట్టు గొడవేమో అన్నట్టు చెప్పేవారు. ఒక్క మాట అంటాను, కోప్పడండి. వారం రోజులు చాకిరీ చేసిన మనిషి మూడు గంటల క్యాసెట్టులో లేకపోతే నాకూ అలాగే ఉండేది.

ఇక సినిమాల సంగతి. ఇరవై దాకా వచ్చాయి. సగం సినిమాల్లో నిరుద్యోగి ఒకడు సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుని రోడ్డు రైలు వంతెన మీద నడుస్తాడు. నాలుగింటిలో చివర అలారం మోగుతుంది, జరిగినదంతా కల. అన్నింటిలోనూ మబ్బు, వాన, ఎర్రనీటి గోదావరి. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన కొన్ని చూసి, వాననీ ఎర్రనీటినీ ఈ పిల్లలు దుఃఖానికి గుర్తుగా వాడుకున్న తీరు గొప్పగా ఉందన్నారు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చిట్టియ్య కెమెరా ఆషాఢంలో తప్ప దొరకదని ఆయనకి ఎవరు చెబుతారు?

అన్నిటికంటే నన్ను వేధించింది వేరే. దాదాపు ప్రతి సినిమాలోనూ తల్లి చచ్చిపోతుంది. కొన్నింట్లో మొదట్లోనే, కొన్నింట్లో చివర. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ వాళ్ళు. వీళ్ళ తల్లులందరూ నిక్షేపంలా ఉన్నారు. ఒక ఆదివారం అందరినీ కూర్చోబెట్టి ఎందుకిలా చంపుతున్నారని నిలదీశాను. చివరికి కడియం కుర్రాడొకడు నోరు విప్పాడు.

"అమ్మాయిల్ని యాక్టింగుకి ఎవరూ పంపరండి. మా అమ్మలైతే మధ్యాహ్నం భోజనాలయ్యాక కాసేపు ఖాళీగా ఉంటారండి. కానీ కెమెరా చూస్తే నవ్వాగదండి వాళ్ళకి. మంచం మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంటే నవ్వరండి."

నేను పాఠం చెప్పడానికి వెళ్ళి పాఠం నేర్చుకుని వచ్చాను. మాతృప్రేమ గురించి, మృత్యువు గురించి నాలుగు పేజీల వ్యాసం రాద్దామనుకున్నాను. చింపేశాను.

కానీ బాబాయి, ఆ రాత్రి మళ్ళీ ఆలోచిస్తే ఇంకొకటి తట్టింది. ఆ చావు దగ్గరికి ఎవరో ఒకరు వస్తూ ఉంటారు. ఒక సినిమాలో కొడుకు సైకిలు తొక్కుకుంటూ, ఇంకో దాంట్లో చెల్లెలు పడవలో, మరో దాంట్లో మొగుడు బస్సు వెనక పరుగెత్తుతూ. ఉప్పాడ కుర్రాడు ఉదయ్‌కుమార్ తీసిన దాంట్లో మనిషి చావు లేదు, సముద్రం ఇంటిని కోసుకుపోతుంది. అక్కడ కూడా వేటకెళ్ళిన తండ్రి ఇల్లు పడిపోయాకే వస్తాడు. అందరూ రావడం వస్తారు. ఆలస్యంగా వస్తారు. దీనికి చిట్టియ్య కెమెరా కారణం కాదు, అమ్మల నవ్వూ కారణం కాదు. ఈ పిల్లలకి ఈ భయం ఎక్కడిది? మీకేమనిపిస్తుంది?

ఒక సినిమా చూశాక మాత్రం లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. దాని కథ రాయను. అది మీరు హాల్లో కూర్చుని చూడాలి.

మీ
సత్యశ్రీ

•

ఆత్రేయపురం,
17 ఆగస్టు 2004

చిరంజీవి సత్యశ్రీకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం పిన్ని పైకి చదివింది. కళ్ళు మూసుకుంటే నవ్వరన్న చోట తనకి నవ్వాగక మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది.

నువ్వడిగిన దానికి నాకు తోచింది రాస్తాను. నేను నీలా చదివినవాణ్ణి కాను, తప్పయితే తీసి పారెయ్యి. పిల్లలకి భయం ఎక్కడిదంటావేమిటి? మమ్మల్ని చూసే వచ్చింది. మాటపట్టింపు వచ్చిన ఇంటికి ఊరికే వెళ్ళి తలుపు కొట్టడం మా వయసు వాళ్ళకి చేతకాదు. వెళ్ళాలంటే కారణం ఉండాలి. పెళ్ళో, పేరంటమో, రోగమో. పంతం బాగా ముదిరితే ఆ కారణాలు కూడా చాలవు. చావొక్కటే మిగులుతుంది. దానికి వెళ్ళినవాణ్ణి ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. పిల్లలు ఇళ్ళల్లో ఇదే చూస్తున్నారు. చూసిందే తీస్తున్నారు. అందులో వింతేముంది?

ఇది రాసి రెండు రోజులు పోస్టు చేయకుండా ఉంచాను. నా గురించే రాసుకున్నట్టుంది. సరే, ఉండనీ.

ఊడ్పులయ్యాయి. మోటారు కాలిపోయింది, వైండింగుకి రాజమండ్రి తీసుకురావాలి. వచ్చినా నీ ఇంటికి వస్తానో లేదో. వస్తే ఆ ప్రదర్శనకి రమ్మని ప్రాణం తీస్తావు. రానని ముందే చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను.

బాబాయి

•

రాజమండ్రి,
1 సెప్టెంబరు 2004

బాబాయికి,

నమస్కారం. మీ ఉత్తరం నా పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను. నేను రాయాలనుకున్న నాలుగు పేజీలూ మీరు పది వాక్యాల్లో రాసేశారు. పేరు చెప్పకుండా ఆ వాక్యాలు ప్రదర్శన రోజు చదువుతాను. అనుమతి అడగడం లేదు, చెబుతున్నాను.

తొమ్మిది సినిమాలు ఎంపిక చేశాం. ఎవరి సినిమాకి వాళ్ళే పోస్టర్లు వేసుకుంటామని కుర్రాళ్ళు సరదా పడ్డారు, సరేనన్నాను. చిట్టియ్య కొట్టు పక్కనే ఉన్న ప్రెస్సులో వేయించి, ఊళ్ళో గోడలన్నీ ఎక్కిస్తున్నారు. నేనింకా చూడలేదు, పరీక్ష పేపర్లు దిద్దడంతోనే సరిపోతోంది.

నేను మీ దగ్గర ఒక విషయం దాచాను. పన్నెండో తేదీన మీకే తెలుస్తుంది. తెలిశాక నన్ను తిట్టడానికైనా రండి.

మీ
సత్యశ్రీ

•

ఆత్రేయపురం,
8 సెప్టెంబరు 2004

చిరంజీవి సత్యశ్రీకి,

ఆశీస్సులు. నాకు జలుబు చేసింది, కొద్దిగా జ్వరం కూడా ఉంది. ప్రదర్శనకి రాలేను. ఈసారి నిజంగానే రాలేను.

నువ్వు దాచిన విషయం నాకు తెలిసింది. నువ్వు రాయకుండా తెలిసింది. దాని గురించి నిన్ను తిట్టాలో ఏం చేయాలో జలుబు తగ్గాక తేలుస్తాను.

మోటారు బాగయింది.

బాబాయి

•

రాజమండ్రి,
14 సెప్టెంబరు 2004

బాబాయికి,

నమస్కారం. జలుబు ఎలా ఉంది? అది ఎలా వచ్చిందో అత్త చెప్పింది. చెబుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. నేనూ అదే చేశాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నేను మొహం కడుక్కుని వచ్చానని రాసిన సినిమా అత్త కొడుకు, మన మురళీకృష్ణ తీసింది. తల్లి వేషం వేసింది పాపాయి అత్తే. ఒక ఇంట్లో ఆడమనిషి పోతుంది. పుట్టింటి చీర కోసం పాడె ఆపి అందరూ ఎదురు చూస్తారు. ఆమె అన్నగారు పంతం పట్టి కూర్చుంటాడు. చివరికి చీర పట్టుకుని గట్టు మీద పరుగెత్తుకుంటూ వస్తాడు. అప్పటికి రేవులో పొగ లేస్తూ ఉంటుంది. సినిమా పేరు "చీర రాలేదు". ఆ రోజు మీ హాల్లో మీరన్న మాట విని, అప్పటినుంచీ మనసులో పెట్టుకున్నాడు పిల్లవాడు. మీకు చెబితే రారని నేను చెప్పలేదు.

చచ్చిపోయే వేషం ఎందుకు ఒప్పుకున్నావని అత్తని అడిగాను. "సూర్యకళ పెళ్ళిలో లేను. కొడుకు సినిమాలోనైనా ఉంటాను కదే" అంది. అందరి అమ్మలూ కళ్ళు మూసుకుని పడుకున్నారు కానీ, అత్త మాత్రం మొదటి సగమంతా కళ్ళు తెరుచుకునే ఉంటుంది. ఒక్కసారి కూడా నవ్వలేదు.

ఇక ఆ పోస్టరు. నేను చూసేసరికి ఆలస్యమైంది. అత్త ఫోటోకి పూలదండ వేసి, చుట్టూ నల్ల అంచు కట్టి, అచ్చం గోడల మీద అంటించే శ్రద్ధాంజలి కాగితంలా వేయించాడు. జనం ఆగి చూస్తారని వాడి ఆలోచన. ఆగారు, మీరు కూడా ఆగారు. బతికున్న తల్లి ఫోటోకి దండ వేస్తావా అని నేను వాణ్ణి చెడామడా తిట్టాను. వాడు తలొంచుకుని, దండ అమ్మే గుచ్చిందండీ అన్నాడు.

నాలుగో తేదీ శనివారం మధ్యాహ్నం అత్త అరుగు మీద బియ్యం ఏరుకుంటోందట. వీధి మొదట్లో ఎవరో తడి బట్టలతో వస్తుంటే, రేవులో జారిపడ్డ మనిషేమో అనుకుందట. దగ్గరికొచ్చాక చేట పక్కన పెట్టి లేచింది.

"ఏంటన్నయ్యా, అలా తడిసిపోయావు? వాన కూడా లేదే."

మీరు అరుగు మీద కూలబడ్డారట.

"గోడ మీద నీ ఫోటో చూశానే" అన్నారట చివరికి.

అప్పుడు అర్థమైందట అత్తకి. చావు కబురు విన్నవాళ్ళు చేసినట్టు మీరు కట్టుబట్టలతో గోదాట్లో మునిగి వచ్చారని. చేతిలో కాగితం పొట్లం చూసి, పుట్టింటి చీర కూడా తెచ్చారని.

"చచ్చినా రానన్నావు కదన్నయ్యా" అందట.

"అన్నాను. వచ్చాను కదా" అన్నారట మీరు.

మావయ్య పంచె ఇచ్చారనీ, మీరు రెండుసార్లు పులుసు వేయించుకున్నారనీ, ఎవరూ క్యాసెట్టు మాట ఎత్తలేదనీ కూడా చెప్పింది. పట్టిసీమ వీధంతా ఇప్పుడు ఇదే కథ. కళ్ళజోడు పెట్టుకోకుండా పోస్టరు చూసి చెల్లెలికి స్నానం చేసేసిన అన్నగారని. మీరు ఏమీ అనుకోకండి. ఎవరూ ఎగతాళిగా చెప్పడం లేదు.

ప్రదర్శనకి అత్త మీరు తెచ్చిన చీరే కట్టుకుని వచ్చింది. చిలకపచ్చ ఉప్పాడ చీర. ముందు వరసలో మీ కోసం ఉంచిన కుర్చీలో కూర్చోబెట్టాను. సినిమా అయిపోయి దీపాలు వేసేసరికి హాల్లో సగంమంది కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను మీ వాక్యాలు చదివాను. అప్పుడు అత్త లేచి నిలబడింది. ఎవరూ పిలవలేదు, మైకు కూడా లేదు.

"మా అన్నయ్య వచ్చాడండి" అంది. "పోయిన వారం శనివారం వచ్చాడు. ఈ చీర ఆయన తెచ్చిందే."

సినిమాలో చచ్చిపోయిన మనిషి అలా లేచి చెబుతుంటే జనానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తర్వాత చప్పట్లు కొట్టారు. హైదరాబాదు పెద్దమనిషి ఆ సినిమాకే మొదటి బహుమతి ఇచ్చారు. ముగింపు మార్చి మళ్ళీ తీయాలా అని మురళి నన్ను అడుగుతున్నాడు. మీరే చెప్పాలి.

ఒక్కటే అనిపించింది. అంత కంగారులో కూడా ఎంత మంచి రంగు ఎంచారు బాబాయి.

మీ
సత్యశ్రీ

•

ఆత్రేయపురం,
23 సెప్టెంబరు 2004

చిరంజీవి సత్యశ్రీకి,

ఆశీస్సులు. జలుబు తగ్గింది. నిన్ను తిట్టే ఉద్దేశం మానుకున్నాను.

మురళికి చెప్పు, ముగింపు మార్చొద్దని. వాడు తీసిందే నిజం. వచ్చేవాళ్ళు చాలామంది అలాగే వస్తారు. నా ఒక్కడి కోసం కథ మార్చేస్తే మిగతావాళ్ళు ఇంకో ఎనిమిదేళ్ళు ఇంట్లో కూర్చుంటారు. ఆ సీడీ తీసుకుని దసరా సెలవుల్లో నువ్వు ఇక్కడికి రా. పాపాయిని కూడా తీసుకురా. మా హాల్లో చాపలేసుకుని చూద్దాం. తను లేని వీడియో చూసిన హాల్లోనే తను ఉన్నది చూడాలని నాకుంది. ఈ మాట పిన్ని చేత కాదు, నా చేత్తో నేనే రాస్తున్నాను.

ఇప్పుడు రాసేది నువ్వు చదివి చింపెయ్యాలి. పట్టిసీమ వాళ్ళు చెప్పుకునే కథ అలాగే ఉండనీ. నాకేం నష్టం లేదు. నీకు మాత్రం అబద్ధం మిగల్చబుద్ధి కావడం లేదు.

మోటారు వైండింగుకి ఇచ్చి కోటిపల్లి బస్టాండుకి వస్తున్నాను. అవతలి గోడ మీద పాపాయి. దండ, నల్ల అంచు. కళ్ళజోడు జేబులోనే ఉంది, కానీ చెల్లెల్ని గుర్తుపట్టడానికి కళ్ళజోడు ఎందుకు? నాకు కబురు కూడా పెట్టలేదనుకున్నాను. సత్యశ్రీ కూడా చెప్పలేదనుకున్నాను. ఎందుకు చెబుతారు, చచ్చినా రానన్నవాడికి? పుష్కరాల రేవులోకి దిగి కట్టుబట్టలతో మునిగాను. అక్కడ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇంతవరకు వాళ్ళు చెబుతున్నది నిజమే.

ఎన్నింటికి తీస్తారో, దినం ఎప్పుడో ఆ కాగితం మీద వేసి ఉంటారని మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళాను. ఈసారి కళ్ళజోడు పెట్టుకున్నాను. "చీర రాలేదు" అని ఉంది. కింద ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు, మీ కాలేజీ పేరు, ప్రవేశం ఉచితం అని ఉంది. చావుకి ప్రవేశం ఉచితం అని ఎవరూ వేయరు కదా. అన్నిటికంటే కింద మురళీకృష్ణ, పట్టిసీమ అని ఉంది.

చాలాసేపు అక్కడే నిలబడ్డాను. పాపాయి బతికే ఉంది. నేను ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆత్రేయపురం బస్సు వచ్చి ఆగింది కూడా. ఎక్కితే ఎవరికీ ఏమీ తెలియదు. కానీ అమ్మాయీ, ఎనిమిదేళ్ళ నుంచి దొరకని కారణం ఒంటి మీద నీళ్ళోడుతూ ఉంది. తడి బట్టలతో వెళ్ళినవాణ్ణి ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఆరాయంటే మళ్ళీ నేనూ, నా మాటా మిగులుతాం. అందుకని పట్టిసీమ బస్సు కోసం గబగబా నడిచాను.

నేను అక్కడ అబద్ధం ఆడలేదు. గోడ మీద ఫోటో చూశానన్నాను, అంతే. పాపాయి మాత్రం పొట్లం విప్పి, ఆ పచ్చ రంగునీ ఆ అంచునీ చేత్తో తడిమి, నా మొహంలోకి చూసింది. ఎవరైనా అలాంటి చీర ఎందుకు కొంటారో దానికి తెలియదా? లోపలికెళ్ళి తువ్వాలు తెచ్చింది.

రంగు బాగా ఎంచానన్నావు. అది కంగారులో ఎంచింది కాదు. బస్సెక్కబోయే ముందు మెయిన్ రోడ్డులో బట్టల కొట్టులోకి వెళ్ళాను. నా తడి బట్టలు చూసి కొట్టాయన పరుపు మీద కూర్చోమనలేదు, బేరం చెప్పలేదు. పాపం, లోపలికి వెళ్ళి అలాంటప్పుడు కప్పే చీరలు రెండు తెచ్చి మెల్లగా నా ముందు పెట్టాడు.

"అవి కాదండి" అన్నాను. "బతికున్న మనిషికి."

బాబాయి